తలకాయ పులుసు తిన్న పెద్దాయనకి పల్స్ 42: ఒక సిగువటెరా కేసు

సిగువటెరా అంటే పగడపు దిబ్బల దగ్గర తిరిగే కొన్ని చేపల ఒంట్లో పేరుకున్న విషం వల్ల వచ్చే జబ్బు. ఈ కేసు రాయాలని ఎందుకనిపించిందంటే, సముద్రపు చేపలో విషం ఎక్కడ ఎక్కువ పేరుకుంటుందో సరిగ్గా ఆ భాగాన్నే మనం ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి ప్రేమగా వడ్డిస్తాం. తలకాయ, కార్జం, జన (చేప గుడ్లు). చేప మంచిదా కాదా అని చూడ్డానికి మన అమ్మమ్మలు నేర్పిన పద్ధతులన్నీ ఈ విషం ముందు పనిచెయ్యవు, ఆ విషయం తెలియక ఒక కుటుంబం ఎంత ఇబ్బంది పడిందో దగ్గరుండి చూశాను. పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను, కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా.

బ్యాక్‌గ్రౌండ్

నేను సౌత్ ఫ్లోరిడాలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్‌ని, హాస్పిటల్లో అడ్మిట్ అయినవాళ్ళని చూస్తాను. పేషెంట్ అరవై దాటిన పెద్దాయన, గోదావరి జిల్లాల నుంచి కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండి వెళ్దామని వచ్చారు. షుగర్ చాలా ఏళ్ళ నుంచి ఉంది, దానికి మెట్‌ఫార్మిన్, బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. మనిషి గట్టివాడే, రోజూ పొద్దున్నే వాకింగ్ చేస్తారు.

కొడుకు ఫ్రెండ్స్ కొంతమంది శనివారం బోటు మాట్లాడుకుని ఫ్లోరిడా కీస్ దీవుల వైపు పగడపు దిబ్బల దగ్గర ఫిషింగ్‌కి వెళ్ళారు, వాళ్ళకి పెద్ద బారాకుడా ఒకటి పడింది, 12 కిలోల పైనే ఉందట. ఇంటికి తెచ్చి కోసి నాలుగు ఇళ్ళకి పంచుకున్నారు. ముక్కలు చూస్తే వంజరం ముక్కల్లాగే ఉన్నాయని ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. తలకాయా కార్జమూ మాత్రం "అంకుల్ వచ్చారు కదా, ఆయనకి ఇష్టం" అని వీళ్ళింటికి పంపారు. ఆ రాత్రే పులుసు పెట్టారు. పెద్దాయన తలకాయ, కార్జం, ఇంకో రెండు ముక్కలు తిన్నారు. కొడుకు మూడు ముక్కలు తిన్నాడు. కోడలు ఒక్క చిన్న ముక్క. మనవడు అసలు చేప ముట్టడు. ఎవరు ఎంత తిన్నారో ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఏ ఇబ్బందితో వచ్చారు

అర్ధరాత్రి దాటాక పెద్దాయనకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పొద్దున్నే దగ్గర్లో ఉన్న అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే ఫుడ్ పాయిజనింగ్ అని చెప్పి సెలైన్ ఎక్కించి వాంతులకి మాత్ర ఇచ్చి పంపేశారు. ఆ టైమ్‌లో ఎవరు చూసినా దాదాపు అదే అనుకుంటారు, ఎందుకంటే మొదటి రోజు ఈ జబ్బుకీ మామూలు ఫుడ్ పాయిజనింగ్‌కీ తేడా పెద్దగా కనపడదు. సోమవారానికి విరేచనాలు తగ్గాయి, అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ అదే రోజు సాయంత్రం నుంచి పెదాల చుట్టూ తిమ్మిరి, తర్వాత అరచేతులు, అరికాళ్ళు, ఒళ్ళంతా దురద, దద్దుర్లు మాత్రం లేవు. మంగళవారం కుర్చీలోంచి లేవబోయి కళ్ళు తిరిగి మళ్ళీ కూలబడిపోయారు, అప్పుడు మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు.

పల్స్ 42. బీపీ 88/54. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.6, ఇండియాలో తీయించుకున్న పాత రిపోర్ట్‌లో 1.1 ఉంది. పొటాషియం, కాల్షియం నార్మల్. గుండె దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ నార్మల్. ఈసీజీలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది తప్ప బ్లాక్ ఏమీ లేదు.

మొదట ఏమనుకున్నాం, ఎందుకు కుదరలేదు

నా దగ్గరకి వచ్చేటప్పటికి ఫైల్లో ఒక లెక్క సిద్ధంగా ఉంది: వాంతులు విరేచనాల వల్ల ఒంట్లో నీళ్ళు పోయి బీపీ పడింది, బీపీకి వాడే మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం మందు కాబట్టి పల్స్ తక్కువ, షుగర్ ఉంది కాబట్టి తిమ్మిర్లు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ నిజమే అనిపిస్తుంది. పాత జబ్బులున్న పెద్దవాళ్ళతో వచ్చే చిక్కే ఇది, ఏ కొత్త లక్షణం వచ్చినా తగిలించడానికి ఒక పాత కారణం దొరుకుతుంది.

నన్ను మొదట ఆపింది పల్స్. నీళ్ళు పోయిన మనిషికి పల్స్ పెరగాలి. బీటా బ్లాకర్ మీద ఉంటే పెరగకపోవచ్చు, ఒప్పుకుంటా, కానీ 42కి పడిపోవడం వేరే సంగతి. కిడ్నీ కొంచెం దెబ్బతిని మందు ఒంట్లో పేరుకుందేమో అంటే, అటెనొలాల్ అయితే ఆ మాట నప్పుతుంది, మెటోప్రొలాల్ ఎక్కువగా లివర్ ద్వారా పోయే మందు. కోడల్ని అడిగితే ఆదివారం వేసుకున్న మాత్ర వాంతిలో పోయిందనీ, సోమ, మంగళవారాలు భయపడి అసలు మాత్రలే ఇవ్వలేదనీ చెప్పింది. అంటే మందు తగ్గిపోతున్న కొద్దీ పల్స్ కూడా తగ్గుతోంది. ఇది మందు పని కాదు.

రెండోది తిమ్మిర్లు. షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు కాలి వేళ్ళ దగ్గర మొదలై ఏళ్ళ తరబడి మెల్లగా పైకి పాకుతుంది. పెదాల మీద మొదలవ్వదు, ఒక్క సాయంత్రంలో రాదు. పెదాల చుట్టూ తిమ్మిరంటే ముందు కాల్షియం గుర్తొస్తుంది, అది నార్మల్. స్ట్రోక్ అయితే రెండు వైపులా ఒకేలా రాదు, ఎమర్జెన్సీలో తీసిన సీటీ కూడా క్లీన్‌గా ఉంది. గిలాన్ బారీ అనే నరాల జబ్బు గురించి ఆలోచించాను, విరేచనాల తర్వాత రావడం దానికి అలవాటే, కానీ అది ఇంత తొందరగా రాదు, పైగా మోకాళ్ళ దగ్గర తట్టి చూస్తే రిఫ్లెక్సులు చక్కగా ఉన్నాయి, కాళ్ళలో బలం కూడా ఉంది. పురుగుమందు ఏమైనా ఒంటికి తగిలిందా అని కూడా అడిగా, వాంతులతో పాటు పల్స్ పడిపోతే ఆంధ్ర నుంచి వచ్చిన ఏ డాక్టర్‌కైనా ఆ ఆలోచన రాకుండా ఉండదు. కనుపాపలు మామూలుగా ఉన్నాయి, నోట్లో నురగ లేదు, చెమటలు లేవు, తోట పని ఎవరూ చెయ్యలేదు.

ఇవన్నీ అయ్యాక కూడా చేతిలో ఏమీ మిగల్లేదు. అప్పుడు నర్సు ఫ్రిజ్‌లోంచి తీసిన వాటర్ బాటిల్ తెచ్చి ఇచ్చింది. ఆయన అందుకుని, వెంటనే మంచం మీదకి వదిలేసి, టవల్ చుట్టి మళ్ళీ పట్టుకున్నారు. ఎందుకండీ అలా పట్టుకున్నారు అని అడిగితే, "చల్లగా ఉంటే చెయ్యి మండిపోతందండి డాక్టరు గారూ, నిన్న కొళాయి కింద చెయ్యి పెడితే కాలిపోయినట్టయ్యింది" అన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా అంటే, ఎవరూ అడగలేదండి అన్నారు. ఇంకేమైనా ఉందా అంటే కొంచెం మొహమాటపడి, పళ్ళన్నీ వదులైపోయినట్టు ఉన్నాయి, నమిలితే ఊడిపోతాయేమో అని భయంగా ఉంది అన్నారు.

నోటి చుట్టూ తిమ్మిరి, చల్లటిది తగిలితే మంట, పళ్ళు వదులైన భావన, నెమ్మదించిన గుండె, దీనికి ముందు వాంతులు విరేచనాలు. ఇన్నీ ఒకేచోట ఉంటే సముద్రపు చేప గురించి అడగాల్సిందే. చల్లటిది తగిలితే మండడాన్ని పుస్తకాల్లో వేడి చల్లదనం తారుమారు అవ్వడం అని రాస్తారు, కానీ నిజానికి తారుమారు అవ్వదు. నేను రెండు స్టీలు స్పూన్లు తెప్పించి ఒకటి గోరువెచ్చటి నీళ్ళలో, ఒకటి ఐస్‌లో పెట్టి కళ్ళు మూసుకోమని ఆనించి చూశాను, ఏది వెచ్చనో ఏది చల్లనో ఆయన కరెక్ట్‌గానే చెప్పారు, చల్లది తగిలినప్పుడు మాత్రం చెయ్యి లాగేసుకున్నారు. చల్లదనం తెలుస్తోంది, అది నొప్పిగా తెలుస్తోంది, అంతే. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే "చల్లటిది వేడిగా అనిపిస్తోందా" అని అడిగితే చాలామంది లేదనేస్తారు, "చల్లటి నీళ్ళు ముట్టుకుంటే ఎలా ఉంది" అని అడగాలి.

ఏ చేప, ఎక్కడ పట్టింది, ఎంత పెద్దది, ఏ భాగం తిన్నారు

చేప ఏమైనా తిన్నారా అనగానే కొడుకు గబుక్కున "చేప వల్ల కాదండి, చాలా ఫ్రెష్, అదే రోజు పట్టింది, మొప్పలు ఎర్రగా ఉన్నాయి" అన్నాడు. కోడలు కూడా ఉప్పూ పసుపూ వేసి కడిగానండి, పులుసు గంట సేపు మరిగింది అని చెప్పింది. వాళ్ళ మీద తప్పు ఎక్కడ వస్తుందో అని వాళ్ళ భయం. ఆ అమ్మాయి వంటలో ఏ లోపమూ లేదని ముందు చెప్పి, తర్వాత పైన రాసిన నాలుగు ప్రశ్నలూ అడిగాను. బారాకుడా, కీస్ దగ్గర దిబ్బల మీద, 12 కిలోలు, తలకాయా కార్జమూ. ఈ నాలుగు జవాబులూ విన్నాక వేరే టెస్టు అవసరం లేదనిపించింది, నిజానికి మనిషి రక్తంలో చూసి ఇదే అని తేల్చే టెస్టు ఏ హాస్పిటల్లోనూ లేదు కూడా, ఈ జబ్బుని కథ విని, మనిషిని చూసే పట్టుకోవాలి.

కుటుంబానికి ఆ రోజు చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. విషం మొదలయ్యేది చేపలో కాదు. గాంబియర్‌డిస్కస్ అని ఒక ఏకకణ జీవి ఉంది, మైక్రోస్కోప్‌లో తప్ప కనపడదు, పగడపు దిబ్బల్లో చచ్చిన పగడం మీద, దాని మీద పెరిగే నాచు మీద అంటుకుని బతుకుతుంది. అందులో కొన్ని జాతులు సిగువటాక్సిన్లనే విషాల్నీ, వాటి ముడి రూపాల్నీ తయారు చేస్తాయి. నాచు గీక్కుని తినే సర్జన్ ఫిష్, ప్యారట్ ఫిష్ లాంటివి నాచుతో పాటు దీన్నీ మింగేస్తాయి. ఈ విషం కొవ్వులో కరిగే రకం, అందుకని చేప ఒంట్లోంచి చాలా మెల్లగా పోతుంది, ఉన్నది పోయేలోపే ఇంకొంచెం చేరుతుంది. ఆ చేపల్ని ఇంకొంచెం పెద్దవి తింటాయి, వాటిని బారాకుడా, గ్రూపర్, స్నాపర్, ఆంబర్‌జాక్, మోరే ఈల్ లాంటి వేట చేపలు తింటాయి. బారాకుడా ఏళ్ళ తరబడి ఎన్ని చేపల్ని తిందో వాటన్నిటిలోనూ ఉన్నది దాని ఒంట్లో కొంత మిగులుతూ వస్తుంది, ఊళ్ళో చిల్లర అప్పులన్నీ కలిసి చివరికి ఒక్కడి పేరు మీద పడ్డట్టు. అది చాలదన్నట్టు దారిలో చేపల ఒంట్లోనే విషం రూపం మారుతుంది, ఆక్సిడైజ్ అవుతుంది. పసిఫిక్ రకంలో అయితే అలా మారిన రూపం మొదటిదానికంటే దాదాపు పదిరెట్లు ఘాటు. చేప మాత్రం మామూలుగానే ఈదుతుంది, మామూలుగానే వేటాడుతుంది.

ఇలా ఆహార గొలుసు ద్వారా పైకి చేరుతుందని జాన్ ర్యాండల్ అనే చేపల శాస్త్రవేత్త 1958లోనే ఊహించి రాశారు, అప్పటికి ఆ జీవి ఏదో ఎవరికీ తెలీదు. 1977లో జపాన్ శాస్త్రవేత్త యాసుమోటో వాళ్ళ టీమ్ ఫ్రెంచ్ పాలినేషియాలో గాంబియర్ దీవుల దగ్గర దాన్ని పట్టుకుంది. విషం అణువు ఎలా ఉంటుందో తేల్చడానికి జపాన్ వాళ్ళు 4000 కిలోల మోరే ఈల్స్ తీసుకుంటే చివరికి వచ్చింది 0.35 మిల్లీగ్రాములు. ఎంత కొంచెం ఉంటే చాలో ఇందులోనే అర్థమవుతుంది. ఆహారం, మందుల భద్రత చూసే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కరీబియన్ రకానికి పెట్టుకున్న హద్దు 0.1 పీపీబీ, అంటే కిలో చేపలో గ్రాములో కోటో వంతు. అంత కొంచేనికి రంగు, వాసన, రుచి ఎక్కడ తెలుస్తాయి?

మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కళ్ళు తేటగా ఉన్నాయా, నొక్కితే గట్టిగా ఉందా అని మనం చూసేది చేప చచ్చాక పాడైందా లేదా అని. ఈ విషం చేప బతికుండగానే చేరింది. కాబట్టి అప్పుడే పట్టిన చేపైనా ఒకటే, నెల కింద ఫ్రీజ్ చేసిందైనా ఒకటే. చింతపండు, పసుపు, గంట సేపు మరగడం, నూనెలో వేపుడు, ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టడం, ఏదీ దాన్ని విరగ్గొట్టదు.

తలకాయ విషయానికొస్తే, కండ కంటే లివర్లో, లోపలి భాగాల్లో, జనలో, తలలో విషం ఎక్కువ ఉంటుంది. పెద్దాయన తిన్నది సరిగ్గా అదే. ఆ మాట చెప్తూ నేను కొడుకుని, నీకేమైనా ఉందా బాబూ అని అడిగా. అతనికి ఆదివారం రెండు మూడుసార్లు విరేచనాలు అయ్యాయట, నాన్నగారి హడావుడిలో పట్టించుకోలేదు. సోమవారం రాత్రి బీరు తాగితే డబ్బా పట్టుకున్న వేళ్ళు జివ్వుమన్నాయి, తర్వాత ఒళ్ళంతా దురద. కోడలికి కడుపులో కొంచెం గడబిడ తప్ప ఏమీ లేదు. పిల్లాడు బ్రహ్మాండంగా ఉన్నాడు. ఒక్క ఇంట్లో నాలుగు డోసులు, నాలుగు రకాల ఫలితాలు, నాకు డయాగ్నసిస్ మీద ఇంకేమన్నా అనుమానం మిగిలి ఉంటే అది అక్కడితో పోయింది.

మిగతా చేప విషాలు ఎందుకు కాదో కూడా చెప్పాలి. స్కాంబ్రాయిడ్ అయితే తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, ఒక రోజులో సర్దుకుంటుంది. అది చేపలో పేరుకునేది కాదు, ట్యూనా లాంటి చేపలు చచ్చాక చల్లగా ఉంచకపోతే బ్యాక్టీరియా తయారు చేసే హిస్టమిన్, అక్కడ ఫ్రెష్‌నెస్ నిజంగానే ముఖ్యం. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ కూడా పెదాల తిమ్మిరితోనే మొదలవుతుంది, కానీ అది నరాల్లో సిగ్నల్ పుట్టించే సోడియం చానల్స్‌ని మూసేస్తుంది, గంటల్లోనే ఒళ్ళు చచ్చుబడి ఊపిరి ఆడదు. సిగువటాక్సిన్ చేసేది దానికి తిరగబడి, అవే చానల్స్‌ని తెరిచి ఉంచుతుంది, అందుకే నరాలు ఊరికే ఉండాల్సిన టైమ్‌లో కూడా సిగ్నల్స్ కొడుతూ ఉంటాయి. తిమ్మిరి, మంట, దురద అందుకే. గుండెని నెమ్మదింపజేసే వేగస్ నరం పని కూడా పెరిగిపోతుంది.

ఏం చేశాం, ఏది పనిచెయ్యలేదు

మెటోప్రొలాల్ ఆపేశాం, మానిటర్ మీద పెట్టాం, సెలైన్ మెల్లగా ఇచ్చాం. సెలైన్‌తో బీపీ కొంచెం లేచింది, పల్స్ లేవలేదు. ఆ రాత్రి పల్స్ 36కి పడిపోయి బీపీ 80కి వచ్చి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయన్నారు. వేగస్ వల్ల పడుతున్న పల్స్ అయితే అట్రోపిన్‌కి లేవాలి, 1 మిల్లీగ్రామ్ ఇస్తే నిమిషాల్లో 70 దాటింది. తెల్లారేసరికి మళ్ళీ పడింది, మళ్ళీ ఇచ్చాం. పేసర్ (గుండెని కొట్టించే పరికరం) పెట్టాల్సి వస్తుందేమో అని కార్డియాలజీ వాళ్ళని పిలిచి ఉంచాం కానీ అవసరం పడలేదు, మూడో రోజుకి పల్స్ దానంతటదే 55, 60 మధ్య నిలబడింది.

మానిటాల్ ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద చర్చ అయ్యింది. 1988లో మార్షల్ దీవుల నుంచి వచ్చిన రిపోర్ట్‌లో మానిటాల్ ఎక్కిస్తే పేషెంట్లు చాలా తొందరగా తేరుకున్నారని రాశారు, అప్పటి నుంచి చాలా పుస్తకాల్లో ఇదే మందు. కానీ 2002లో కుక్ దీవుల్లో రారొటోంగాలో ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా మానిటాల్‌నీ మామూలు సెలైన్‌నీ పోల్చి చూస్తే తేడా ఏమీ రాలేదు. అయినా మొదటి రెండు రోజుల్లో వచ్చిన పేషెంట్‌కి కొంతమంది ఇస్తారు, దాన్ని నేను తప్పుపట్టను. మా పేషెంట్ వచ్చేసరికి ఆ టైమ్ దాటిపోయింది, బీపీ 88, క్రియాటినిన్ పెరిగి ఉంది, మానిటాల్ యూరిన్ రూపంలో ఇంకా నీళ్ళు లాగేస్తుంది. లాభం అనుమానం, నష్టం ఖాయం. ఇవ్వలేదు.

దురద ఆయన్ని నిజంగా ఏడిపించింది. సెటిరిజిన్ ఇచ్చాం, తర్వాత హైడ్రాక్సిజిన్ ఇచ్చాం, నిద్రమత్తు వచ్చింది కానీ దురద అంగుళం కూడా తగ్గలేదు, ఎందుకంటే అది అలర్జీ దురద కాదు, నరాల దురద. దురదకి మామూలుగా నర్సులు చల్లటి తడిగుడ్డ వేస్తారు, ఇక్కడ అది వేస్తే ఇంకేమైనా ఉందా! బెడ్ పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఐస్ వద్దు, చల్లటి నీళ్ళు వద్దు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు అని రాయించాను. ఆ ఒక్క బోర్డుతో ఆయనకి ఎంత ఊరట దొరికిందో చెప్పలేను, గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడవడం మొదలుపెట్టాక ఆ రాత్రి మొదటిసారి నిద్రపోయారు.

నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ చాలా చోట్ల వాడతారు. ఈయనకి ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది, బీపీ ఇంకా నిలకడగా లేదు, గుండె లయ ఇప్పుడే దారిలో పడుతోంది, అందుకని వద్దనుకున్నా. గాబాపెంటిన్ రాత్రి 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కిడ్నీ చూసుకుంటూ మెల్లగా పెంచాం. రెండో వారానికి మంట సగానికి తగ్గింది, దురద ఇంకాస్త ముందే తగ్గింది.

మిగతా మూడు ఇళ్ళు

మందుల కంటే తొందరగా చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. ఆ చేప నాలుగు ఇళ్ళకి పంచారు కదా. పెద్దాయనకి ఏం జరిగిందో చెప్పి ఆ మూడు ఇళ్ళకీ అప్పటికప్పుడు ఫోన్ చెయ్యమన్నాను, వాట్సాప్‌లో పెడితే చూడకపోవచ్చు, మాట్లాడాలి అని గట్టిగా చెప్పా. ఒక ఇంట్లో వేపుడు చేసుకుని తిని ఇద్దరికి విరేచనాలు, తిమ్మిర్లు, వాళ్ళు అది స్టమక్ ఫ్లూ అనుకుంటున్నారు. ఇంకో ఇంట్లో ముక్కలు ఫ్రీజర్లో ఉన్నాయి, ఆ వారాంతం వండుకుందామనుకున్నారు, ఆ ఇంట్లో చంటిబిడ్డకి పాలిచ్చే తల్లి ఉంది. ఈ విషం తల్లిపాలలోకి కూడా పోతుంది. ఆ ఫోన్ ఒక్క రెండు రోజులు లేటై ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉన్న ముక్కల్ని మొత్తం పారెయ్యొద్దు, ఒకటి రెండు కవర్లో సీల్ చేసి చేప పేరు, పట్టిన చోటు, తేదీ రాసి ఫ్రీజర్లోనే ఉంచండి, మిగతావి పిల్లులకి కుక్కలకి దొరక్కుండా చెత్తలో వెయ్యండి అని చెప్పాం. ఫ్లోరిడాలో సిగువటెరా కేసు వస్తే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి తెలియజెయ్యాలి, చేశాం, పాయిజన్ కంట్రోల్ వాళ్ళతో కూడా మాట్లాడాం. హెల్త్ డిపార్ట్‌మెంట్ ద్వారా ఆ ముక్క అలబామాలో డాఫిన్ ఐలాండ్‌లో ఉన్న ఎఫ్‌డీఏ ల్యాబ్‌కి వెళ్ళింది. వారాల తర్వాత రిజల్ట్ వచ్చింది, కరీబియన్ సిగువటాక్సిన్ ఉంది, హద్దు కంటే ఎక్కువే ఉంది. ట్రీట్‌మెంట్‌కి ఆ రిజల్ట్ కోసం ఎవరమూ ఆగలేదు, ఆగకూడదు కూడా. కానీ ఆ రిజల్ట్ వల్ల ఫ్రెండ్స్ బ్యాచ్‌లో "మీ వంట వల్లే" అన్న గుసగుస ఆగింది, కోడలికి అది చాలా అవసరం.

ఇంటికెళ్ళాక తిరగబెట్టింది

డిశ్చార్జ్ అప్పుడు కొన్ని నెలల పాటు చేప, మద్యం, నట్స్, కాఫీ మానెయ్యమన్నాం. వీటివల్ల లక్షణాలు తిరగబెట్టాయని పేషెంట్లు చెప్తూ వచ్చిన అనుభవం మీద ఇచ్చే సలహా ఇది, ఎందుకు అలా జరుగుతుందో పూర్తిగా తేలలేదు. దాదాపు నెల తర్వాత తిమ్మిర్లు మళ్ళీ వచ్చాయని ఫోన్. చేప ముట్టలేదండి అన్నారు. కూర్చోబెట్టి ఏమేం తిన్నారో అడిగితే, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చిన ఎండు చేపలు వంకాయలో వేసి వండారట. ఎండు చేప చేప కిందకి రాదని ఆయన లెక్క. దాంతోపాటు రోజూ పొద్దున్నే పల్లీ చట్నీ.

అన్నీ కలిపి మాన్పించేస్తే షుగర్ ఉన్న మనిషి ఏం తింటాడు? అందుకని ఒక నోట్‌బుక్ పెట్టమన్నాను, అన్నీ ఆపి తిమ్మిర్లు తగ్గాక ఒక్కోటే వెనక్కి తెచ్చుకోమన్నాను, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వారం గ్యాప్. పల్లీ చట్నీ కొంచెంతో మొదలుపెడితే ఏమీ కాలేదు, కాఫీకీ ఏమీ కాలేదు, రొయ్యల పొడి వేసుకున్న రోజు మాత్రం అరచేతులు మళ్ళీ మండాయి. సముద్రానికి సంబంధించినవన్నీ ఆరు నెలలు బంద్, మిగతావి తినొచ్చు అని తేలింది. మనిషి మనిషికీ ఇది మారుతుంది కాబట్టి ఈయన లిస్టు పట్టుకెళ్ళి ఇంకొకరికి ఇవ్వకూడదు. కొడుక్కి మాత్రం బీరు తాగిన ప్రతిసారీ దురద వచ్చింది, అతను మానేశాడు.

తోటి డాక్టర్లకి, మన ఇళ్ళకి

విరేచనాల తర్వాత కొత్తగా తిమ్మిర్లు వచ్చిన పేషెంట్‌ని నేను ఇప్పుడు "చేప తిన్నారా" అని అడిగి ఆగను, ఆ నాలుగు ప్రశ్నలూ వరసగా అడుగుతాను, ఇంకెవరెవరు తిన్నారు, చేప ఇంకా మిగిలి ఉందా అని కూడా. షుగర్ ఉన్నవాళ్ళలో అయితే మరీ ముఖ్యం, ఈయన కాళ్ళ తిమ్మిర్లని షుగర్ ఖాతాలో వేసేసి ఉంటే మిగతా ఇళ్ళ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇండియాలో ఇవి రావులే అనుకోవద్దు. 2016లో మంగళూరు దగ్గర రెడ్ స్నాపర్ తలకాయలు తిని వంద మందికి పైనే హాస్పిటల్ పాలయ్యారు, ఫిల్లెట్లు తీసేశాక మిగిలిన తలకాయలవి. 2012 నుంచి 2017 వరకు జర్మనీలో బయటపడ్డ సిగువటెరా కేసుల వెనక ఇండియా నుంచి వెళ్ళిన స్నాపర్లు కూడా ఉన్నాయి. అలాగని చేప మానెయ్యక్కర్లేదు. చెరువుల్లో పెంచే బొచ్చె, రాగండి, గోదావరి పులస, వీటికి పగడపు దిబ్బలతో సంబంధమే లేదు. చందువ, కవ్వలు లాంటివాటికీ ఈ బెడద లేనట్టే. భయపడాల్సింది దిబ్బల దగ్గర తిరిగే పెద్ద వేట చేపలతో. వాటిలో కూడా ఒకే దిబ్బ మీద పట్టిన ఒకే సైజు చేపలు రెండింటిలో ఒకటి విషం, ఒకటి మంచిది అవ్వొచ్చు, చిన్నదైతే సేఫ్ అనే గ్యారంటీ కూడా లేదు. ఫ్లోరిడా, కరీబియన్, హవాయి, ఫిజీ, క్వీన్స్‌ల్యాండ్ లాంటి చోట్ల ఉండే మనవాళ్ళు సొంతంగా పట్టిన బారాకుడా తినకపోవడమే మంచిది, మిగతా దిబ్బ చేపలైనా తలకాయ, కార్జం, జన వదిలెయ్యండి. ఏ దిబ్బ మంచిది కాదో అక్కడ పుట్టి పెరిగిన మత్స్యకారులకి తెలుస్తుంది, అడగండి.

పెద్దాయన మూడు నెలలయ్యాక ఇండియా వెళ్ళారు. అప్పటికి పెదాల తిమ్మిరి పూర్తిగా పోయింది, అరికాళ్ళలో కొంచెం మిగిలింది, అందులో ఎంత చేపదో ఎంత షుగర్‌దో విడదీసి చెప్పడం కష్టం, అందుకే గాబాపెంటిన్ తక్కువ డోసులో ఉంచాం. బీపీకి మెటోప్రొలాల్ బదులు అమ్లోడిపిన్ పెట్టాం. అక్కడి డాక్టర్ గారికి రెండు పేజీల లెటర్ రాసిచ్చాను, అందులో చేప పేరు, తిన్న భాగం, అట్రోపిన్ ఇచ్చిన రోజులు, రొయ్యల పొడి సంగతి అన్నీ ఉన్నాయి. ఆరు నెలలు నిండాక చెరువు చేప ఒక్క ముక్కతో మొదలుపెట్టి, రెండు రోజులు చూసుకుని, ఏమీ లేకపోతేనే ఇంకో ముక్క తినమని చెప్పాను. ఆ లెక్కన పులసల సీజన్ దాటిపోతుందండి అన్నారు. దాటినా సరే ఆగమన్నాను, ఆగారు.